తోడుగిన్నె

జులై 7, సోమవారం

సెలవు అయిపోయింది. స్కూలుకి వెళ్ళాను. గేటు దగ్గర నిలబడి అటెండెన్స్ యాప్‌కి ముఖం చూపించాను. కళ్ళు ఆర్పమంది, ఆర్పాను. ఆకుపచ్చ టిక్కు పడింది. అత్తయ్యగారు పోయిన పదిహేడో రోజు నా ముఖం వెనకటిలాగే ఉందన్నమాట. మంచిదే.

హెచ్చెమ్ శివరామకృష్ణ గారు "ధైర్యంగా ఉండండి మేడమ్" అన్నారు. ధైర్యానికేం లోటు లేదండీ అందామనుకుని ఊరుకున్నాను. ఆయన నా కళ్ళలోకి చూశారు, ఎర్రగా ఉన్నాయేమోనని. లేవు. పదకొండు రోజులూ ఇంటినిండా ఉన్న ఆడవాళ్ళు చూసింది కూడా అదే. "కోడలు కంట తడి పెట్టలేదు చూశావా" అని దొడ్లో అనుకుంటుంటే విన్నాను. నిజమే, పెట్టలేదు. రాకపోతే ఏం చేస్తాం, కుళాయా తిప్పడానికి?

మూడో తరగతిలో కొత్త పాఠం. మన చుట్టూ ఉండే వస్తువులు, అవి ఎలా మారతాయి. ఇరవై ఆరు మంది పిల్లలు. అందరి పేర్లూ గుర్తున్నాయి.

సాయంత్రం పాలు తోడు పెట్టాను.

జులై 8, మంగళవారం

పాలు తోడు పెట్టాను.

జులై 10, గురువారం

ఈయన ఫోన్ చేశారు. నాగపూర్ దాటారట. తల్లి పోయిన మనిషి, పన్నెండో రోజు కాగానే కడియంలో మామిడంట్ల లోడు లారీ ఎక్కేశారు. తప్పు పట్టను. ఆయనకి రోడ్డుంది, నాకు స్కూలుంది.

"అన్నం తిన్నావా?"

"తిన్నాను."

"పెరుగు బాగా తోడుకుంటోందా?"

"ఆఁ."

ఇంతే మాట్లాడుకున్నాం.

నేను పెరుగు వేసుకోవడం మానేశాను. ఎందుకని అడిగేవాళ్ళెవరూ లేరు గనక చెప్పక్కర్లేదు. రోజూ మిగిలినదంతా మజ్జిగ చేసి పెరట్లో కరివేపాకు మొక్క మొదట్లో పోస్తున్నాను. మొక్క ఏపుగా ఉంది. ఈ ఇంట్లో ప్రస్తుతం బాగున్నది అదొక్కటే.

జులై 11, శుక్రవారం

బోర్డు మీద గీత గీసి రెండు వైపులు చేశాను. ఒకవైపు "వెనక్కి వచ్చేవి", రెండోవైపు "రానివి". ఐసు కరిగితే నీళ్ళు, నీళ్ళు గడ్డకడితే మళ్ళీ ఐసు. ఉప్పు నీళ్ళలో కరిగినా ఆ పళ్ళెం ఎండలో పెడితే మళ్ళీ ఉప్పే. అక్కడిదాకా సాఫీగా నడిచింది. ఆ తర్వాత ఎవరింటి సంగతులు వాళ్ళు మొదలెట్టారు.

"ఎండుచేపని నానబెట్టినా పచ్చిచేప అవ్వదండి టీచర్."

"అట్టు మళ్ళీ పిండి అవ్వదండి."

"మా నాన్న గడ్డం గీయించుకుంటే మళ్ళీ వచ్చేస్తదండి."

క్లాసంతా పకపకా నవ్వింది. వెనకటిలా అయితే నేనూ నవ్వేదాన్ని. గడ్డం రావడం వేరురా, గీసేసింది మళ్ళీ అతుక్కోదు కదా అని చెప్పి సుద్దముక్క కింద పెట్టాను.

వీరదుర్గ లేచింది. నర్సరీలో మొక్కల కవర్లకి మట్టి నింపే చిట్టెమ్మ మనవరాలు. ఏదైనా రెండుసార్లు అడిగితే గానీ కూర్చునే రకం కాదు.

"పాలు పెరుగైతే మళ్ళీ పాలు అవ్వవు కదండీ?"

"అవ్వవు."

"కానీ టీచర్, కొంచెం పెరుగుంటే చాలు కదండీ, ఎన్ని పాలైనా పెరుగు చేసెయ్యొచ్చు. రేపూ, ఎల్లుండీ, ఆపైనా."

"అవును."

"మరది ఏ వైపు రాయాలండీ?"

"రానివి" వైపే రాయమన్నాను. రాసింది. నమ్మినట్టు మాత్రం లేదు.

వచ్చే వారమో ఆ పై వారమో పాలు తోడు పెట్టి చూపించాలి.

జులై 13, ఆదివారం

ఈ ఇంట్లో తోడు యాభై ఒక్క ఏళ్ళ నాటిది. ఈ ముక్క అత్తయ్యగారు నాకు వందసార్లు చెప్పి ఉంటారు. రాయవరం నుంచి కాపురానికి వస్తూ, వాళ్ళమ్మ తోడుపెట్టిన పెరుగు చిన్న స్టీలు గిన్నెలో ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కారట. నగల పెట్టె తమ్ముడి చేతికిచ్చి, గిన్నె మాత్రం ఎవరికీ ఇవ్వలేదట. గిన్నె అంచు మీద రత్నమాణిక్యం అని ఆవిడ పేరు చెక్కించి ఉంటుంది. ఇప్పటికి సగం అరిగింది.

రోజూ పెరుగు తోడుకోగానే ముందు ఒక గరిటె ఆ గిన్నెలోకి తీసి పక్కన పెట్టాలి. ఆ తర్వాతే ఇంట్లో ఎవరైనా వేసుకోవాలి. కలెక్టరొచ్చి కూర్చున్నా సరే. "ముందు తోడు తియ్యి, తర్వాత తిను." నేను ఈ ఇంటికొచ్చిన పదహారేళ్ళలో ఆవిడ నాకు నేర్పిన మొదటి పాఠం అది. సాయంత్రం ఆ గరిటెడుతోనే మళ్ళీ పాలు తోడు పెట్టడం. యాభై ఒక్క ఏళ్ళలో ఒక్కసారి కూడా తెగలేదు.

ఓసారి పక్కింటి ప్రసన్నకుమారి, చుట్టాలొచ్చారని దీపాలు పెట్టే వేళ దాటాక కాస్త పెరుగుకి వచ్చింది. అత్తయ్యగారు గుమ్మంలోనే ఆపేశారు. "దీపం పెట్టాక పెరుగు గడప దాటితే పాడి పోద్దమ్మా. పొద్దున్నే రా" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. మన గేదెని అమ్మేసి పదేళ్ళయింది, పాలొచ్చేది ప్యాకెట్లో, ఇంకెక్కడి పాడండీ పోడానికి అన్నాను. ఆవిడ మూడ్రోజులు మాట్లాడలేదు. పిల్లలకి సైన్సు చెప్పేదాన్ని, నేనెందుకు తగ్గుతాను? నేనూ మాట్లాడలేదు. మాకు పిల్లల్లేరు. ఈయన నెలలో సగం రోజులు లారీ మీదే. ఆ మూడ్రోజులూ ఇంట్లో టీవీ ఒక్కటే మాట్లాడింది.

చీరలు ఆడపడుచులు పంచుకున్నారు. మంచం దానమిచ్చేశారు. ఇంక ఆవిడ చేతిది ఈ ఇంట్లో మిగిలింది ఆ తోడొక్కటే. అది నా వల్ల తెగకూడదు. ప్రేమా గీమా కాదు. అలవాటు.

జులై 16, బుధవారం

పాలు తోడు పెట్టాను. వాన. ఆలస్యంగా తోడుకుంటోంది.

ఆవిడ పోయిన రోజు పొద్దున్న, కాకినాడ ఆసుపత్రి నుంచి మనిషిని తెచ్చేలోపే, నేను తోడుగిన్నె పట్టుకెళ్ళి ప్రసన్నకుమారి చేతిలో పెట్టాను. మైల ఇంట్లో వండినవి ఉంచరు. ఈయన పెదనాన్నగారి కోడళ్ళు వస్తూనే ఫ్రిజ్జు మొత్తం దులిపేస్తారని నాకు తెలుసు. దులిపేశారు కూడా, దోసెల పిండి దగ్గర్నుంచి.

"పదకొండు రోజులూ రోజూ తోడు పెట్టండి" అన్నాను. ప్రసన్నకుమారి నా ముఖంలోకి చూసి "అలాగేనండి" అంది. వాళ్ళు ప్యాకెట్ పెరుగు తినే మనుషులు. అయినా మాట నిలబెట్టుకుని, పన్నెండో రోజు మొత్తం తెచ్చి ఇచ్చేసింది. "మాకీ పులుపు పడదండీ, మీరే ఉంచుకోండి" అంది.

శవం రాకముందే పెరుగు సర్దిన కోడలు ఈ గోదావరి జిల్లాల్లో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

జులై 19, శనివారం

రాయకూడదనుకున్నాను. రాసేస్తే పోతుందేమో.

ఆసుపత్రిలో ఆరో రోజు. ఈయన మందులకని కిందికి వెళ్ళారు. ఆవిడ కళ్ళు తెరిచారు.

"ఇంటికెళ్ళి ఎన్నాళ్ళయింది?"

"రెండ్రోజులండి."

"పాలు తోడు పెట్టావా?"

నాకు ఒళ్ళు మండింది. ముక్కులో గొట్టం, చేతికి సెలైన్, ఈవిడకి పెరుగు కావలసి వచ్చింది! "లేదండి" అన్నాను, కాస్త గట్టిగానే.

"తెగిపోద్ది. వెళ్ళు. ఇప్పుడే వెళ్ళు."

"మీరిలా ఉంటే ఎలా వెళ్తానండీ?"

"నాకేం కాదు. వెళ్ళమంటుంటే!"

వెళ్ళాను. కోపంగానే వెళ్ళాను. చెప్పులు టపటపలాడించుకుంటూ, వెళ్ళొస్తానని కూడా చెప్పకుండా. సాయంత్రం బస్సులో ఇంటికొచ్చి, పాలు కాచి, చిటికెన వేలు ముంచి వేడి చూసి, తోడు పెట్టాను. తెల్లవారి ఆరున్నరకి మూత తీశాను. గడ్డగా, కోస్తే ముక్క వచ్చేలా తోడుకుంది. అప్పుడే ఫోను మోగింది.

ఆవిడ పోతున్నప్పుడు నేను పెరుగు దగ్గర ఉన్నాను.

రాసేశాను. పోలేదు.

జులై 22, మంగళవారం

ఇవాళ పాలు తోడు పెట్టి చూపించాను. బడిలో మధ్యాహ్న భోజనం వండే నాగదుర్గ పొయ్యి మీద పాలు కాచింది. నాలుగు గ్లాసులు. ఒకదాంట్లో గోరువెచ్చని పాలు, తోడు. ఒకదాంట్లో పొగలు కక్కే పాలు, తోడు. ఒకదాంట్లో చల్లటి పాలు, తోడు. నాలుగోదాంట్లో వట్టి గోరువెచ్చని పాలు. పెరుగులో కంటికి కనబడని చిన్న జీవులుంటాయి, అవే పాలని మారుస్తాయి, మరీ వేడైతే చచ్చిపోతాయి, మరీ చల్లనైతే కదలవు అని చెప్పాను. "పెరుగులో పురుగులా!" అని సగం మంది ముక్కులు మూసుకున్నారు. ఆ మూసుకున్న వాళ్ళే పంచదార వేస్తానంటే ముందు వరసలోకి వచ్చారు. తలా ఒక చెంచా అరచేతిలో వేశాను. నాకేశారు. వీరదుర్గ మాత్రం నీళ్ళసీసా మూత చాచి "నాకు పంచదార వద్దండి టీచర్" అంది. వేశాను. ఎక్కడ ఒలికిపోతుందోనన్నట్టు బెంచీ దాకా మెల్లగా నడిచింది.

గ్లాసుల మీద పలకలు మూతపెట్టి కిటికీ దగ్గర పెట్టాం. రేపు చూద్దాం అన్నాను.

ఇంటికొచ్చి పాలు కాచాను. తోడుగిన్నె తీశాను. ఖాళీగా ఉంది. కడిగి బోర్లించి ఉంది.

పొద్దున్న పెరుగు గిన్నె గిన్నెంతా సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాను, పిల్లలకి పంచేశాను. ముందు తోడు తియ్యలేదు. పదహారేళ్ళలో ఎప్పుడూ మర్చిపోలేదు.

పర్వాలేదు. స్కూల్లో గ్లాసులో ఉంది. రేపు ఒక చెంచా తెచ్చుకుంటే సరి.

జులై 23, బుధవారం

వాయుగుండం. స్కూళ్ళకి సెలవు. హెచ్చెమ్ గారు పొద్దున్న ఆరింటికి గ్రూపులో పెట్టారు. రేపూ సెలవేనట.

ప్రసన్నకుమారిని అడిగాను. "అప్పుడే మొత్తం ఇచ్చేశాను కదండీ, కొంచెమైనా ఉంచుకోవలసింది" అని తను నొచ్చుకుంది. తనదేం తప్పు?

జులై 24, గురువారం

వానలో స్కూటీ వేసుకుని స్కూలుకి వెళ్ళాను. గేటు తాళం. తాళంచెవి హెచ్చెమ్ గారి దగ్గర, ఆయన రాజమండ్రిలో. పెరుగు కోసం గేటు తీయించానంటే నవ్విపోతారు. వెనకనుంచి వెళ్ళి కిటికీలోంచి చూశాను. నాలుగు గ్లాసులూ పలకల కింద అలాగే ఉన్నాయి. ఊచల్లోంచి చెయ్యి పెట్టాను. అందలేదు. జానెడు దూరం.

తడిసిపోయాను. ఇంటికొచ్చి తల తుడుచుకున్నాను.

జులై 25, శుక్రవారం

నేను వెళ్ళేసరికి నాగదుర్గ గ్లాసులన్నీ కడిగి ఎండలో బోర్లించింది. "బూజు పట్టి కంపు కొట్టేస్తున్నాయండి, పిల్లలొచ్చేలోపు కడిగేశాను" అంది. మంచిపనే చేసింది.

"సరేలే" అన్నాను.

పిల్లలు డీలా పడ్డారు, ఏ గ్లాసు ఏమైందో చూడలేదని. మీ ఇంట్లో మారే వస్తువు ఏదైనా ఒకటి రోజూ చూసి, బొమ్మ వేసి రాసుకురండి, బుధవారం నోటుబుక్కులు దిద్దుతాను అన్నాను.

యాభై ఒక్క ఏళ్ళు ఆవిడ నిలబెట్టింది. నేను నెల రోజులు నిలబెట్టాను.

జులై 26, శనివారం

ప్యాకెట్ పెరుగుతో పాలు తోడు పెట్టాను. తోడుకుంది. పెరుగు పెరుగే. ఏ పెరుగులోనైనా ఉండేవి ఆ జీవులే.

జులై 27, ఆదివారం

ఈయన వచ్చారు. అన్నంలో పెరుగు కలుపుకుని, రెండో ముద్దకి ఆగారు.

"ఏంటి, పెరుగు మారింది?"

"వానలకి" అన్నాను.

ఆయన తలెత్తకుండా తినేశారు. తల్లి చేతి పెరుగు తెగిపోయిందని కొడుక్కి ఎలా చెప్పాలో బీఈడీలో నేర్పలేదు. ఆయన చెయ్యి కడుక్కుని చాలాసేపు పెరట్లో కరివేపాకు మొక్క దగ్గర నిలబడ్డారు.

జులై 28, సోమవారం

పెరుగు పెరుగే.

జులై 29, మంగళవారం

పెరుగు పెరుగే. ఈయన మళ్ళీ లోడుతో వెళ్ళారు. మజ్జిగ మొక్కకి పోయలేదు, సింకులో పోశాను.

జులై 30, బుధవారం

నోటుబుక్కులు ఇంటికి తెచ్చుకుని దిద్దుతున్నాను. అరటిపండు నల్లబడడం, మేకు తుప్పు పట్టడం, చద్దన్నం, చద్దన్నం, మళ్ళీ చద్దన్నం. ఒకడు అన్నయ్య గడ్డం బొమ్మ వేశాడు.

పదిహేడో పుస్తకం వీరదుర్గది. సీసా మూత బొమ్మ. పక్కన గిన్నె బొమ్మ. కింద ఇలా రాసింది: "టీచర్ పెరుగు మూతలో తెచ్చాను. మామ్మ మా గేదె పాలలో వేసింది. మంగళవారం వేసింది, బుధవారం పెరుగు. గురువారం పెరుగు. రోజూ పెరుగు అవుతుంది. ఇది వెనక్కి రాదు. కానీ ఆగదు."

ఎర్ర పెన్ను మూత పెట్టానో లేదో గుర్తులేదు. తోడుగిన్నె సంచిలో వేసుకుని స్కూటీ తీశాను.

నర్సరీల వెనక, కాలవగట్టు మీద వాళ్ళిల్లు. నేను వెళ్ళేసరికి గుమ్మంలో దీపం పెట్టేసి ఉంది. పక్కన పాకలో గేదె. చిట్టెమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"రండి టీచరమ్మా. ఇదేమైనా అల్లరి చేసిందేంటండీ?"

వీరదుర్గ తలుపు వెనక్కి వెళ్ళి అక్కణ్ణుంచే మొదలెట్టింది. "ఎంగిలి చెయ్యలేదండి టీచర్, నిజంగానండి. రేపు కూడా అవుద్దా అని చూద్దామని తెచ్చానండి."

ఏమీ అనలేదమ్మా అన్నాను. గిన్నె తీసి చిట్టెమ్మకి చూపించాను. మా ఇంట్లో తోడు తెగిపోయింది, ఒక్క చెంచా పొయ్యమ్మా అన్నాను. నా గొంతు నాకే యాచకురాలి గొంతులా వినపడింది.

చిట్టెమ్మ గిన్నె చూసింది, దీపం చూసింది. చెయ్యి చాచలేదు.

"ఏమీ అనుకోకండమ్మా. దీపం పెట్టాక పెరుగు గడప దాటితే పాడి పోద్దండి. పొద్దున్నే రండి."

అదే మాట. ఒక్క అక్షరం తేడా లేదు. ఇక్కడ గేదె నిజంగానే ఉంది, అంతే తేడా. వాదించడానికి నా దగ్గర పదహారేళ్ళుగా ఎన్నో ముక్కలున్నాయి. గిన్నె మళ్ళీ సంచిలో పెట్టుకోబోయాను.

"పట్టుకెళ్ళకూడదు గానీ, లోపల కూకుని తినడానికేమండీ? రండి, రండి" అని చాప వేసింది.

కూర్చున్నాను. కంచంలో వేడన్నం పెట్టింది, ఓ మూల ఆవకాయ. కొత్తగా తోడుకున్న గిన్నె మూత తీసింది. ముందు ఒక గరిటె పక్క గిన్నెలోకి తీసి, దానికి మూత పెట్టి, ఆ తర్వాత నా అన్నంలో వేసింది.

నెలన్నర తర్వాత పెరుగన్నం నోట్లో పెట్టుకున్నాను. ఆ పులుపే. ఆవిడదే. కళ్ళలోంచి నీళ్ళు కంచంలో పడుతున్నాయి, తుడుచుకుందామంటే చేతికంతా అన్నం. అత్తయ్యగారంటే నాకిష్టం. చాలా ఇష్టం. ఈ మాట ఎవరికీ చెప్పలేదు, ఆవిడకి అసలే చెప్పలేదు.

"ఆవకాయ కారమా టీచర్?" అంది వీరదుర్గ, తలుపు వెనకనుంచి వచ్చి.

కాదని తలూపాను. "వెళ్ళొస్తానని చెప్పలేదు" అన్నాను. ఏడుస్తూ మళ్ళీ మళ్ళీ అదే అన్నాను.

"ఎవరికండీ?" అంది చిట్టెమ్మ.

"మా అత్తయ్యగారికి."

చిట్టెమ్మ ఇంకో గరిటె పెరుగు వేసింది. "తినండి, చల్లారిపోతాది" అంది. కంచం ఖాళీ అయ్యేదాకా నా పక్కనే కూర్చుంది.

జులై 31, గురువారం

తెల్లవారుతూనే వెళ్ళాను. చిట్టెమ్మ గిన్నె నిండా పోసింది, రత్నమాణిక్యం పేరు దాకా. గడప దాటి బయటికొచ్చి తనే నా చేతికిచ్చింది. స్కూటీ మీద గిన్నె ఒళ్ళో పెట్టుకుని మెల్లగా వచ్చాను.

ఈయనకి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. అవతల ముక్కు చీదుకున్నారు. "ఆదివారానికి వచ్చేస్తాను, కాస్త నాకు ఉంచు" అన్నారు.

ప్రసన్నకుమారి వద్దన్నా వినకుండా ఒక చెంచా వాళ్ళింట్లోనూ పెట్టించాను. ఇక మూడిళ్ళలో ఉంది.

టైమైంది. యాప్ ఇవాళ నా ముఖాన్ని ఒప్పుకుంటుందో లేదో, కళ్ళు రెండూ ఉబ్బిపోయి ఉన్నాయి.

పాలు తోడు పెట్టాను. వెళ్ళొస్తాను అత్తయ్యా.